ఔను అనేదాకా వదలని గది

ఆ గది పేరెత్తితే చాలు, లిఫ్టు దగ్గర కబుర్లు చెప్పుకుంటున్న వాళ్లు కూడా మాట మార్చేస్తారు.

రాయదుర్గం మెట్రో స్టేషన్ దాటి లోపలికి వెళితే వరసగా అద్దాల బిల్డింగులు ఉంటాయి చూడండి... వాటిలో ఒకదాంట్లో, నాలుగో అంతస్తులో ఉంది. పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక ఒంటరిగా లోపలికి వెళ్లి మీరేదైనా అన్నారనుకోండి — ఆ మాటనే ఎవరో తిరిగి అంటారట. మెల్లగా. అని ఊరుకోరట కూడా. మీరు ‘ఔను’ అనేదాకా ఎదురుచూస్తారట.

ముందే చెబుతున్నా, నేను దెయ్యాల్ని నమ్మను. మాది ప్రొద్దుటూరు. నార్సింగిలో ఫ్లాట్లు అమ్మే ఆఫీసులో పనిచేస్తా. ఫలానా టవర్లో దెయ్యముందని ఒక్క పుకారు పుట్టిందంటే నా కమిషన్ గోవిందా! నాకు దెయ్యాల మీద ప్రేమ ఎక్కడినుంచి వస్తుంది? ఇది నాకు రసజ్ఞ చెప్పింది. మదీనాగూడలో మేమిద్దరం ఒకే ఫ్లాట్లో కిరాయికి ఉంటున్నాం. దానికి అబద్ధం ఆడటం చేతకాదు. ఓనరు వచ్చి ‘ఇంట్లో పిల్లి ఉందా?’ అనడిగితే, లేదనలేక, పిల్లిని ఎత్తుకొచ్చి చూపించిన మహాతల్లి.

అసలు ఆ గది ఏమిటంటే — సముద్రం ఒడ్డున ఎక్కడో ఒక అణు విద్యుత్ కేంద్రం కడుతున్నారు. దాన్ని నడిపే కంట్రోల్ రూమ్ ఎలా ఉంటుందో, అచ్చం అలాంటిదే ఇక్కడొకటి పెట్టారు. అవే మీటలు, అవే దీపాలు, అవే అలారాలు. వెనక రియాక్టర్ బదులు కంప్యూటర్లు, అంతే తేడా. ఆపరేటర్లు ముందు ఇక్కడ నేర్చుకోవాలి. అణు భద్రత చూసే ప్రభుత్వ బోర్డు వాళ్లు పరీక్ష పెట్టి పాస్ చేస్తేనే అక్కడ కుర్చీలో కూర్చునేది. రసజ్ఞ టీమ్ రాసే అలారం ప్రోగ్రాములు కూడా ఇక్కడే నెగ్గాలి. బోర్డు మనుషులొచ్చి, కళ్లారా చూసి సరే అనాలి. వాళ్లు వద్దన్నారంటే ఎంత పెద్ద కంపెనీ అయినా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

ఆ గదిలో ఆపరేటర్లకి పాఠాలు చెప్పిన పెద్దాయన పేరు భీమేశ్వరరావు. జీవితమంతా అణు కేంద్రాల్లో పనిచేసి రిటైరై, మియాపూర్‌లో స్థిరపడ్డాడు. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం. కంట్రోల్ రూముల్లో ఒక పద్ధతుందట. ఒకరు తాను చేయబోయే పని పైకి చెప్పాలి. రెండోవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. అప్పుడు మొదటివాళ్లు ‘ఔను’ అనాలి. ఆ తర్వాతే మీట మీద చెయ్యి! మన నోటిమాట మన చెవికి ఇంకొకరి గొంతులో వినపడితే తప్పు తెలిసొస్తుందని ఆయన వాదన. క్యాంటీన్‌లో ఇడ్లీ చెప్పినా అంతే. ‘రెండు ఇడ్లీ, సాంబార్ వద్దు’ అని, అవతలివాడు తిరిగి చెప్పేదాకా కౌంటర్ దగ్గరే నిలబడేవాడు. వెనక లైన్లో వాళ్లకి ఒళ్లు మండిపోయేది పాపం.

పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాతే ఈ గోల మొదలైంది.

సెక్యూరిటీ రాజేందర్ రసజ్ఞతో స్వయంగా అన్నాడట. “లైట్లు బంద్ చేస్తున్న అని ఊకెనే అన్న మేడం. లోపట్నుంచి ఎవరో... ‘లైట్లు బంద్ చేస్తున్న’ అన్నరు. ఇగ నేను ఆగుతనా? ఉరుకుడే!” తుడవడానికి వచ్చే ఈశ్వరమ్మ అయితే పొద్దు గుంకితే ఆ గుమ్మం తొక్కనని తెగేసి చెప్పింది.

ఇక ఆ రాత్రి సంగతి.

తెల్లారితే బోర్డు వాళ్లు వస్తారు, అలారాలన్నీ పరీక్ష చేస్తారు. కానీ ఒక అలారం వారం రోజులుగా ప్రాణం తీస్తోంది. రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్లు తగ్గితే మోగాల్సిన అలారం అది. నీళ్లు తగ్గినట్టు లేదు. మీటర్లన్నీ బాగానే చూపిస్తున్నాయి. అయినా ఉండుండి మోగుతోంది! రసజ్ఞ ప్రోగ్రామంతా తిరగేసింది, ఎక్కడా తప్పు దొరకలేదు.

బాస్ రవికిరణ్ ఫోన్ చేశాడు.

“ఇంకా మోగుతోందా?”

“మోగుతోంది సర్. కారణం తెలీట్లేదు.”

“మీటర్లు బాగున్నాయి కదమ్మా, ఊరికే మోగుతోందన్నమాట. రేపు వాళ్ల ముందు అది మోగిందంటే ప్రాజెక్టు వెనక్కి పోతుంది. నీ కన్ఫర్మేషన్ కూడా నేను ఇప్పించలేను. ఈ రాత్రికి దాని నోరు నొక్కెయ్. తర్వాత తీరిగ్గా చూసుకుందాం.”

“నాతో ఉండాల్సిన భరత్ లేడు సర్. ఇద్దరం ఉండాలి కదా...”

“వాళ్ల పాపకి జ్వరమట, వెళ్లిపోయాడు. ఒక్కదానివే కానిచ్చెయ్.”

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తణుకులో నాన్న అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాడు. మరో పక్క, ఇక్కడ నోరు నొక్కిన అలారం రేపు అసలు కేంద్రానికి వెళ్లాక కూడా నోరెత్తదు. అక్కడ నిజంగా నీళ్లు తగ్గితే? రసజ్ఞకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నాలుగో అంతస్తుకి వెళ్లింది.

తలుపు తీసింది. లోపల సగం దీపాలే వెలుగుతున్నాయి. పొడుగాటి ప్యానెళ్లు, ఖాళీ కుర్చీలు. మూలన అద్దాల గది ఒకటుంది, పరీక్ష పెట్టేవాళ్లు కూర్చునేది. అందులో చీకటి... బయటినుంచి చూస్తే మన మొహమే కనిపిస్తుంది.

ఏదో వాసన. సన్నగా.

లవంగం.

రసజ్ఞ గుమ్మంలోనే ఆగింది. ఎవరో మౌత్‌వాష్ వాడి ఉంటారులే అని తనకి తాను చెప్పుకుందట. రాత్రిపూట కంట్రోల్ రూమ్‌లో మౌత్‌వాష్ ఏమిటే అని నేనడిగితే, భయంలో అంతకంటే మంచిది తట్టలేదే అంది.

కుర్చీలో కూర్చుంది. అంతలో అలారం మోగింది. ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ... ఆ మోతకి గుండె నోట్లోకొచ్చినంత పనైంది. ఆపేస్తే పోతుంది, ఇంటికి పోవచ్చు అనుకుంది. వేలు కీబోర్డు మీద పెట్టింది. అలవాటు ఊరుకోదు కదా — పైకి అనేసింది.

“అలారం ఆపేస్తున్నా.”

నొక్కకముందే మోత దానంతటదే ఆగింది. గది నిశ్శబ్దం.

అప్పుడు... వెనకనుంచి... గరగరమంటూ, ఊపిరి అందనట్టు...

“అలారం... ఆపేస్తున్నా...”

రసజ్ఞ కదల్లేదు. వెనక్కి చూడలేదు. మెడ మీద చెమట కారుతోంది. ఆంజనేయస్వామిని తలుచుకుందామంటే పేరు కూడా గుర్తురావట్లేదు.

వేలు ఇంకా కీబోర్డు మీదే ఉంది.

“అలారం... ఆపేస్తున్నా...” మళ్లీ అదే గొంతు. ఈసారి ఇంకాస్త దగ్గరగా. ఎదురుచూస్తోంది.

ఔను అంటే వదిలేస్తుంది. అందరూ చెప్పేది అదే. ఒక్క మాట... అనేసి పరిగెత్తి లిఫ్టు ఎక్కేయొచ్చు. ‘ఔ’ దాకా వచ్చింది కూడా నోటికి. కానీ తాను చేయబోతున్న పని అలా ఇంకొకరి గొంతులో చెవినపడేసరికి అక్కడే ఆగింది. ఆపేస్తున్నానా? ఎందుకు ఆపేస్తున్నాను? ఎందుకు మోగుతోందో తెలీకుండానే?

“కాదు,” అంది. ఇంకాస్త గట్టిగా మళ్లీ అంది. “కాదు! ఆపట్లేదు!”

వేలు తీసేసింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

“ఆపట్లేదు...” అంది ఆ గొంతు.

“ఔను.”

టక్కున లైట్లన్నీ వెలిగాయి.

అద్దాల గది తలుపు తీసుకుని ఒకావిడ బయటికొచ్చింది. పొట్టి మనిషి. ఏసీకి తట్టుకోలేక తల చుట్టూ శాలువా. మెళ్లో బోర్డు వాళ్ల ఐడీ కార్డు.

“అయ్యో, భయపడ్డావా తల్లీ? గొంతు పూర్తిగా పోయింది, గట్టిగా మాట్లాడలేను,” అంది గరగరమని. బుగ్గన లవంగం. “నా పేరు నాగేశ్వరి. రేపు రావాల్సిన ఇన్‌స్పెక్టర్ని. సాయంత్రమే వచ్చి కూర్చున్నా.”

“మాకు... ఎవరూ చెప్పలేదండీ...”

“చెప్పి వస్తే అందరూ బాగానే పనిచేస్తారు. మాకు చెప్పకుండా వచ్చే హక్కుంది. రాజేందర్‌నీ చెప్పొద్దన్నాను.” ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. “నువ్వు ఒక మాట అన్నావు, తిరిగి చెప్పేవాళ్లు లేరు. ఊరుకోలేక లోపలి మైకులోంచి నేను చెప్పా. ఇద్దరుండాల్సిన చోట ఒక్కదాన్నే ఎందుకు పంపారు?”

రసజ్ఞ ఉన్నదంతా చెప్పేసింది. చెప్పానుగా, దానికి అబద్ధం చేతకాదు. ఉద్యోగం పోయినట్టేనని భోరున ఏడ్చింది.

“తప్పు దొరికితే మేం సరిచేయమంటాం, సరిచేశాక మళ్లీ వచ్చి చూస్తాం. ఉరి తియ్యం,” అంది నాగేశ్వరిగారు. “దాస్తే మాత్రం ఆపేస్తాం. నువ్వు ఔను అని ఉంటే ఈ గదికి రేపు తాళం పడేది. ఇంటికెళ్లి పడుకో.”

తర్వాత తేలిందేమిటంటే, తప్పు అలారంలో లేదు, మీటర్లలో ఉంది. ఒక మీటరు పాత అంకె దగ్గరే బిగుసుకుపోయి అంతా బాగుందని చూపిస్తోంది. కంప్యూటర్ల లెక్కలో మాత్రం నీళ్లు నిజంగానే తగ్గుతున్నాయి. నిజం చెప్పేది ఆ అలారం ఒక్కటే! దాన్నే వీళ్లు నొక్కేయబోయారు. బోర్డు పని ఆపింది, సరిచేయించింది, ఇద్దరు లేకుండా ఆ గదిలో ఎవరూ అడుగుపెట్టకూడదంది. రవికిరణ్‌ని వేరే ప్రాజెక్టుకి మార్చారు. రసజ్ఞ ఉద్యోగం ఖాయమైంది.

విని నేను పొట్ట పట్టుకుని నవ్వా. “జలుబు చేసిన ఆఫీసరమ్మని పట్టుకుని దెయ్యమంటావా!” అని దాన్ని వారం రోజులు ఏడిపించా. రాజేందర్‌కీ, ఈశ్వరమ్మకీ వినబడినదాని మాటేమిటే అని అది అడిగితే, గాలికి కూడా చెవులు మోగుతాయి పోవే అన్నా.

దానికి మాత్రం ఆ పద్ధతి ఇంట్లోకీ వచ్చేసింది. బయటికి పోయేముందు నేను ‘తాళం వేశా’ అంటే ‘తాళం వేశా’ అంటుంది. నేను ‘ఔను’ అనాలి. లేకపోతే లిఫ్టు ఎక్కనివ్వదు. విసుక్కుంటూనే నాకూ అలవాటైపోయింది.

మొన్న సాయంత్రం. ఫ్లాటు చూపించాలి, ఆలస్యమైపోయింది. స్టవ్ మీద పాలున్నాయి. గబగబా చీర సర్దుకుని, బ్యాగు తగిలించుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అన్నా.

“గ్యాస్ కట్టేశా.”

“గ్యాస్... కట్టేశా...” అంది వంటింట్లోంచి.

‘ఔను’ అనబోయి ఆగిపోయా. రసజ్ఞ మధ్యాహ్నమే ముంబై రైలెక్కింది. నేనే ఎక్కించి వచ్చా.

గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లా. పాలు పొంగి మంట ఆరిపోయింది. నాబ్ తెరిచే ఉంది... గ్యాస్ సుయ్యిమంటూ వస్తోంది. లైటు స్విచ్ ముట్టుకోకుండా నాబ్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచా. చాలాసేపటికి ఆ వాసన పోయింది.

లవంగం వాసన మాత్రం పోలేదు. నా వెనకే ఉంది.

అలాగే, వెనక్కి చూడకుండా, ఏడుపు గొంతుతో అన్నా.

“గ్యాస్ కట్టేశా.”

“గ్యాస్... కట్టేశా...”

“ఔను,” అన్నా.