ఇంకా చేరని మెయిల్

"మెయిలర్ డీమన్ అంటే ఎవరు? మీ దోస్తా?"

చేవెళ్ల బస్టాండు ఎదుట ఇంటర్నెట్ సెంటర్ నడిపే ప్రభాకర్ తలెత్తి చూశాడు. 2001 వానాకాలం. తడిసిన చున్నీతో, కోపంగా నిలబడి ఉంది పక్కనున్న కనకమామిడి ఊరి అమ్మాయి అరుణశ్రీ. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటోంది.

"మనిషి కాదండి అది. చేరని మెయిల్‌ను వాపస్ పంపే ప్రోగ్రాం..."

"మరి నా అప్లికేషన్ ఎందుకు వాపస్ పంపిండు? ఇయ్యాల్నే ఆఖరు తారీఖు!"

అతడు నవ్వు ఆపుకొని కుర్చీ జరిపాడు.

"జర కూసోండి. మీరు సెండ్ నొక్కంగనే మెయిల్ మన సర్వర్‌కు పోతది. ఆ కంపెనీ సర్వర్ ఏడున్నదో అది కనుక్కుంటది. మెయిల్ చిన్న చిన్న ముక్కలైతది. ముక్కలు తలా ఒక తొవ్వల పోయినా, ఆడ మల్ల వరుసగ అతుక్కుంటయి."

"నాదెందుకు అతుక్కోలే?"

"ఆ పేరుతోటి ఆడ ఎవ్వరు లేరట. గా మాటనే డీమన్ మీకు చెప్పింది. పాపం, దాన్ని తిట్టకుండ్రి. అడ్రస్ చూపియ్యుండ్రి."

పేపర్ కటింగ్ వానకు తడిసి ఒక అక్షరం చెదిరిపోయింది. ఆమె 'ఐ' అనుకున్నది నిజానికి 'ఎల్'. మళ్లీ పంపారు. ఇద్దరూ పది నిమిషాలు తెరవైపే చూస్తూ కూర్చున్నారు. ఏదీ తిరిగి రాలేదు.

నెలలోపే ఆమెకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. హాస్టల్‌కు వెళ్తూ ఆఫీసు మెయిల్ ఐడీ చీటీ మీద రాసిచ్చింది.

"రాస్తరా?"

రాశాడు. మూడుసార్లు చెరిపి, నాలుగోసారి మనసులో ఉన్నదంతా రాసి పంపాడు. ఆ తర్వాత భయం పట్టుకుంది. వచ్చినవాళ్లందరికీ వాళ్ల మెయిల్ తెరిచి చూపిస్తూనే, నాలుగు రోజులు తన మెయిల్ మాత్రం తెరవలేదు.

ఆదివారం అరుణశ్రీ వచ్చింది.

"ఒక్క ముక్క రాయలే!"

"రాసిన. మీరే జవాబియ్యలే."

"నాకు రానే రాలే!"

ఉండబట్టలేక తెరిచాడు. సర్వర్ నుంచి ఒక కబురు: మీ మెయిల్ ఇంకా చేరలేదు, ప్రయత్నిస్తూనే ఉంటాం.

"అయ్యో, బుధవారం సంది మా ఆఫీసు సర్వర్ పని చేస్తలేదు. రేపు బాగు చేస్తరట," అంది ఆమె.

అతడికి ప్రాణం లేచొచ్చింది. "ఫికర్ లేదు. ఐదు రోజుల దాంక మల్ల మల్ల పోయి తలుపు కొడ్తనే ఉంటది. రేపు చదువుకోండి."

"దానికి ఓపిక ఉన్నది. నాకు లేదు. నోటితోటి చెప్పు."

'చెప్పండి' కాదు, 'చెప్పు'. ప్రభాకర్‌కు ధైర్యం వచ్చింది. చెప్పాడు. రాసిన పేజీ అంతా రెండు మాటలయింది. ఆమె కిటికీలోంచి వాన చూస్తూ మెల్లగా అంది, "మా బాపును అడుగు."

మర్నాడు షట్టర్ దించి కనకమామిడి బస్సెక్కాడు. టమాట తోటలో అరుణశ్రీ తండ్రి యాదగిరి అంతా విని, తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు.

"కంప్యూటర్ల సంగతి నాకు తెల్వది బిడ్డా. మా పిల్ల మాట్లాడవట్టిందంటే ఆపది. మధ్యల లేశిపోకుండ వింటవా?"

"వింట బాపు."

"గట్లయితే కాళ్లు కడుక్కో. అన్నం తిందాం."