తేలిక డ్రిల్లు అడిగినవాడు

"ఆ షాపాయన నీకు కమీషన్ ఎంత ఇస్తుండు సాయీ?"

రవళి ఆ మాట అనేసరికి గదిలో నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఎవరో టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

పటాన్‌చెరులో ఏసీలు బిగించి, బాగుచేసే ఆ కంపెనీలో రెండు టీములు. ఒకదానికి రవళి హెడ్డు, రెండోదానికి వెంకట సాయి. మందుల ఫ్యాక్టరీల్లో చల్లగాలి ఆగినా, ఎండబెట్టే గదుల్లో వేడిగాలి తగ్గినా ఈ రెండు టీములే పరుగెత్తాలి. ఇన్నాళ్లూ ఎవరికి నచ్చిన బ్యాటరీ డ్రిల్లు వాళ్లు కొనుక్కున్నారు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ డ్రిల్లుకు పట్టదు. ఛార్జరు తెచ్చినరోజు సరైన బ్యాటరీ ఉండదు, బ్యాటరీ ఉన్నరోజు ఛార్జరు ఉండదు. ఓనరు మురళీమోహన్‌కు విసుగొచ్చి, "ఇకమీదట అన్నీ ఒకే కంపెనీవి. ఏదో మీరిద్దరే తేల్చండి" అన్నాడు.

షాపు డీలరు వాడి చూడమని రెండు సెట్లు ఇచ్చాడు. వాటి అసలు పేర్లు కుర్రాళ్లకు నోరు తిరక్క, రంగుల్ని బట్టి ఒకటి ఆరెంజ్, ఇంకోటి గ్రే అయ్యాయి. గ్రేది బరువు, మహా బలం. స్లాబులోకి వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఆరెంజ్‌ది చేతిలో ఉన్నట్టే ఉండదు, కానీ గట్టి కాంక్రీటు తగిలితే ఆయాసపడుతుంది. రవళికి ఇందులో ఆలోచించాల్సిందే కనపడలేదు. సాయి మాత్రం మొదటిరోజు నుంచీ ఆరెంజ్ తప్ప ఇంకోమాట ఎత్తడం లేదు. అందుకే ఆమెకు కమీషన్ అనుమానం వచ్చింది.

మామూలుగా రవళి ఒకటంటే సాయి రెండనేవాడు. "మేడమ్ గారికి కోపమొస్తే ఏసీ అక్కర్లేదు, అందరం గడ్డకడతాం" లాంటి మాటలకు రెండు టీములూ పగలబడి నవ్వేవి. ఆమె కూడా మొహం తిప్పుకుని నవ్వుకునేది. ఆరోజు మాత్రం అతను ఏమీ అనలేదు. ఆమెవైపు ఒక్కసారి చూసి, బల్లమీదున్న ఆరెంజ్ డ్రిల్లును ఎడమచేత్తో తీసి పెట్టెలో పెట్టాడు.

"వచ్చేవారం తేలుద్దాం" అని మురళీమోహన్ మాట మార్చాడు.

ఇస్నాపూర్‌లో ఇంటికి చేరేదాకా రవళికి ఆ చూపు వదల్లేదు. అందులో కోపముంటే బాగుండేది. అలసట ఉంది.

*

ఆ ఆదివారం ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాలు మూసేసి, కొత్త గాలి గొట్టాలు వేలాడదీసే పని పడింది. సోమవారం పొద్దున్నే మెషిన్లు నడవాలి కాబట్టి రెండు టీములూ దిగాయి. కాంక్రీటు స్లాబుకు కింది నుంచి వరసగా రంధ్రాలు వెయ్యాలి. బయట వాన షెడ్డు రేకుల మీద దబదబా కొడుతోంది. ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు.

సాయి టీములో డ్రిల్లు పట్టేవాడికి జ్వరం. చేసేదేం లేక సాయే గ్రే హ్యామర్ డ్రిల్లు తీసుకుని, ఇనుప గొట్టాలతో కట్టిన మంచె, స్కాఫోల్డింగ్ ఎక్కాడు.

పక్క స్కాఫోల్డింగ్ మీద నుంచి రవళి ఊరికే అటు చూసింది. ఆమె పని నెమ్మదించింది, ఆ తర్వాత ఆగిపోయింది. సాయి హ్యామర్‌ను కుడిచేత్తో పైకెత్తడం లేదు. ఎడమచేత్తో ఎత్తి, హెల్మెట్‌కు ఆనించి, తలతో పైకి నెడుతున్నాడు. కుడిచెయ్యి ఛాతీ దాకా లేచి అక్కడే ఆగిపోతోంది. మొహం నిండా చెమట. పెదవి పళ్లకింద నొక్కిపెట్టాడు.

ఇంకో రంధ్రం సగంలో ఉండగా హ్యామర్ జారింది. కట్టి ఉన్న తాడుకు వేలాడి, ఊగి ఇనుప గొట్టానికి తగిలింది. కింద ఉన్నవాళ్లు గబుక్కున పక్కకు జరిగారు.

రవళి దిగి, అటుపక్క ఎక్కేసరికి అతను పలక మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. చెమటకు జారింది."

"చెయ్యి లేపు."

"రవళి గారూ, పని చూసుకోండి."

"లేపు అంటున్న. ఎంతవరకు లేస్తదో చూపియ్యి."

అతను కిందున్నవాళ్లు చూస్తున్నారేమోనని ఒకసారి వంగి చూశాడు. తర్వాత కుడిచెయ్యి ఎత్తాడు. భుజం దాకా కూడా రాలేదు.

కిందటేడు వానల్లో అతని బండి రోడ్డుమీద జారి పడిందని, కొన్నాళ్లు సెలవులో ఉన్నాడని అందరికీ తెలుసు. నవ్వుతూ తిరిగొచ్చాడు కాబట్టి అంతా బాగైందనుకున్నారు. భుజంలో నరమేదో తెగి, ఆపరేషన్ అయినా సరిగా అతకలేదని అతను ఎవరికీ చెప్పలేదు.

రవళికి అప్పుడు అర్థమైంది. తేలిక డ్రిల్లు ఎందుకడిగాడో, ఆరోజు దాన్ని ఎడమచేత్తో ఎందుకు పెట్టెలో పెట్టాడో. తను అందరి ముందూ అన్నమాట గుర్తొచ్చింది.

"ఎవరికీ చెప్పకండి" అన్నాడు సాయి.

ఆమె హ్యామర్ అందుకుని లేచి నిలబడింది. "నువ్వు గుర్తులు పెట్టు. రంధ్రాలు నేను వేస్త."

మధ్యాహ్నందాకా ఆ వరసంతా ఇద్దరూ కలిసి చేశారు. అతను సుద్దతో గుర్తుపెడితే ఆమె రంధ్రం వేసేది. ఒక్కోసారి అతని సుద్ద, ఆమె హ్యామర్ ఒకేచోటికి వెళ్లి, ఇద్దరూ ఒకేసారి వెనక్కి జరిగేవారు.

*

వాన తగ్గలేదు. తిరిగొచ్చేటప్పుడు ఫ్యాక్టరీ దగ్గరి బస్‌షెల్టరులో ఆగారు. లారీలు పోతుంటే నీళ్లు మోకాళ్లదాకా చిందుతున్నాయి.

"అందరి ముందట అన్న. అందరి ముందటనే వాపస్ తీసుకుంట" అంది రవళి.

"వద్దండి."

"ఎందుకు వద్దు?"

"మీకెలా తెలుసని అడుగుతారు. అప్పుడేం చెప్తారు?"

రవళి తడిసిన చున్నీ కొస పిండుకుంది.

"మా నాన్నగారు ఇక్కడి ఫ్యాక్టరీలోనే చేసి రిటైరయ్యారు. నన్నూ ఎక్కడైనా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చూసుకోమనేవారు. నేనే వినకుండా ఈ పనిలోకొచ్చాను" అన్నాడు సాయి. "ఎంత ఎత్తుకైనా ఎక్కి, ఆగిపోయిన మెషిన్ను మళ్లీ నడిపించి కిందకి దిగుతుంటే అందరూ పైకి చూస్తారు చూడండి. అదంటే నాకు ఇష్టం. సాయి కమీషన్ తిన్నాడంటే పడతాను. సాయికి చెయ్యి పనిచెయ్యదంటే నా వల్ల కాదు."

"గట్లనుకుంటే నువ్వు పిచ్చోనివి."

"అవునేమో."

"జనం నిన్ను దొంగ అనుకుంటుంటే నేను సూస్కుంట ఊకుండాల్నా? నీకు ఫరక్ పడదేమో. నాకు పడ్తది."

"మీకెందుకు?"

రవళి రోడ్డువైపు తిరిగింది. ఈ వానలో ఇస్నాపూర్ బస్సు ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో తెలియదు. అయినా అదేదో పెద్ద అవసరమన్నట్టు బస్సు కోసం చూస్తూ నిలబడింది.

*

మీటింగ్ రోజు రెండు టీములూ వచ్చాయి. మురళీమోహన్ కూర్చోగానే రవళి లేచింది.

"సార్, డ్రిల్లుల సంగతికి ముందు ఒకమాట. సాయి కమీషన్ తిన్నడని నేనన్న. అది తప్పు. ఆయన తినలే."

"నీకెలా తెలుసు?"

"తెలుసు సార్."

"అదే, ఎలా?"

"ఎట్లనో చెప్ప. కానీ తెలుసు."

వెనక కూర్చున్న నవీన్ "ఓహో" అన్నాడు. ఇంకెవరో ఈల వేశారు. "ఆదివారం వానలో బస్‌షెల్టర్ల చూసినం లే" అని ఒక గొంతు. గది గొల్లుమంది. రవళి మొహం ఎర్రబడింది గానీ కూర్చోలేదు. ఏమైనా అనుకోనీ అన్నట్టు అలాగే నిలబడింది.

సాయి ఆమెనే చూస్తున్నాడు. ఒక్కమాట చెబితే ఆ నవ్వులు ఆగిపోతాయి. ఆ మాట ఆమె దగ్గరుంది. చెప్పడం లేదు.

అతను కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. అది భుజం కిందే ఆగింది. ఇంకా ఎత్తబోయాడు. చెయ్యి కదల్లేదు.

"ఇంతవరకే వస్తుంది సార్" అన్నాడు. "ఆరెంజ్ అయితే ఎలాగో మేనేజ్ చెయ్యొచ్చని ఆశపడ్డాను. అంతకుమించి ఏం లేదు."

నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నవీన్ తల దించుకున్నాడు.

మురళీమోహన్ జాలిపడతాడేమో అనుకుంది రవళి. ఆయన మండిపడ్డాడు.

"ఈ చేత్తో స్కాఫోల్డింగ్ ఎక్కావా? ఆ హ్యామర్ కిందున్న కుర్రాళ్ల నెత్తిన పడుంటే?"

"పడుంటే నాదే తప్పు సార్."

"నువ్వూ తెలిసి చెప్పలేదా రవళీ?"

"చెప్పలే సార్. అది నా తప్పు."

"డాక్టరు రాసిచ్చేదాకా సాయి పైకెక్కడానికి వీల్లేదు. కింద గ్యాసు పని, వైరింగు చూసుకో. ఇందులో మాటల్లేవ్."

సాయి తలూపాడు. ఆ శిక్ష న్యాయమని రవళికి తెలుసు. తెలిసినా అతని మొహం చూడలేకపోయింది.

తర్వాత ఆయనే డీలరుకు ఫోన్ చేశాడు. అదే ఆరెంజ్ కంపెనీలో పెద్ద హ్యామర్ కూడా ఉందని, అదే బ్యాటరీ దానికీ పడుతుందని తేలింది. స్లాబుకు ఒకటి, మిగతా పనికి ఒకటి, బ్యాటరీ రెండింటికీ అదే. ఇన్నాళ్లూ కొట్లాడుకున్న ఇద్దరూ ఆ ఒక్క ప్రశ్న డీలరును అడగనే లేదు. మురళీమోహన్ ఫోన్ పెట్టేసి ఇద్దరివైపూ చూసిన చూపుకు రెండు టీములూ మళ్లీ నవ్వాయి. ఈసారి సాయి కూడా కొద్దిగా నవ్వాడు.

*

ఆ నవ్వు ఎక్కువరోజులు నిలవలేదు. సాయి పనికొచ్చేవాడు, కిందే కూర్చుని గ్యాసు నింపేవాడు, ఎవరైనా నిచ్చెన ఎక్కుతుంటే తల తిప్పుకునేవాడు. రవళి పలకరిస్తే అడిగినంతకే జవాబు. తన మూలంగానే కదా ఇదంతా అని ఆమె లోపల్లోపల కుమిలిపోయింది.

ఒకరోజు సాయంత్రం అతనే దగ్గరికొచ్చాడు. "రేపు మీ ఇంటికి రావచ్చా? మీ నాన్నగారితో మాట్లాడాలి."

చెయ్యాల్సిన ఫిర్యాదేదో ఇంటికొచ్చే చేస్తాడన్నమాట. చెయ్యనీ, తను పడాల్సిందే అనుకుంది. "రా" అంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, రవళి నాన్న చిన్నరాములు ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు సాయి. రవళి లోపలి గది తలుపు దగ్గర నిలబడింది. అమ్మ ఆగమ్మ టీ పెడుతూ ఒక చెవి ఇటే వేసింది.

"అంకుల్, మీ అమ్మాయి నన్ను అందరిముందూ ఒకమాట అంది" అని మొదలుపెట్టాడు సాయి. రవళి కళ్లు మూసుకుంది. "తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అందరిముందూ తనే మాటలు పడింది. నా గుట్టు మాత్రం బయటపెట్టలేదు. అలాంటి మనిషి నాకు ఇంకెక్కడా దొరకదు. మా వాళ్లతో చెప్పాను. నాన్నగారు ఆదివారం వస్తామన్నారు. మీరు సరేనంటే తనను పెళ్లి చేసుకుంటాను."

రవళి కళ్లు తెరిచింది.

రవళి చెప్పగా చిన్నరాములుకు అతని చెయ్యి సంగతి తెలుసు. "నీ చెయ్యి బాగైతదా బాబూ?" అని అడిగాడు.

"కొంత అవుతుందన్నారు. మొత్తం కాకపోవచ్చు."

"మీరు ఆంధ్ర దిక్కోళ్లు. మేము ఈడి కూలోళ్లం. మీ అమ్మానాయిన మా ఇంట్ల తింటరా?"

"నేను పుట్టింది ఇక్కడే అంకుల్. వాళ్లు తింటారు. అమ్మయితే ఇక్కడి సర్వపిండి చెయ్యడం రాక ఎవరో నేర్పిస్తారేమోనని చూస్తోంది."

లోపల ఆగమ్మ ఫక్కున నవ్వింది.

"మరి మా బిడ్డ ఒప్పుకున్నదా?"

"ఇంకా అడగలేదు. ముందు మిమ్మల్ని..."

"ముందు నన్నడగాలె!" అంటూ రవళి బయటికొచ్చేసింది. గొంతు కోపంగా ఉంది, కళ్లు నిండుగా ఉన్నాయి. "నేనేమో నువ్వు నామీద చాడీ చెప్పనీకె వచ్చినవని రాత్రంతా నిద్రపోలే."

"ఇప్పుడు అడుగుతున్నా" అన్నాడతను, లేచి నిలబడి.

"ఆగు. ముందు నేనొకటి అడుగుత." ఆమె అతనికి ఎదురుగా వచ్చి నిలుచుంది. "చెయ్యి సంగతి ఏడాది దాచినవ్. ఎవలకూ చెప్పలే. నాతోని గూడ గట్లనే ఉంటవా?"

"ఉండను."

"నొప్పి ఉన్నదా ఇప్పుడు?"

అలవాటుగా ఏం లేదు అనబోయాడు సాయి. ఆమె చూపు కదల్లేదు. చిన్నరాములు, టీ గ్లాసులతో గుమ్మంలోకొచ్చిన ఆగమ్మ, ఇద్దరూ చూస్తున్నారు.

"ఉంది" అన్నాడు మెల్లగా. "బాగా ఉంది."

"అయితే సరే" అంది రవళి, అతని పక్క కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నాయినా, ఆదివారం వాళ్లను రమ్మను."