కోల్డ్ రూమ్‌లో నిట్టూర్పు

గోథెన్‌బర్గ్‌లో మా ల్యాబు నేలమాళిగలో ఉన్న కోల్డ్ రూమ్‌కి చెడ్డపేరు. చీకటి పడ్డాక అక్కడ ఎవరో నిట్టూరుస్తారు. ఏనుగంత మనిషి ఒకడు నల్లజుట్టుతో లోపలికెళ్ళి తెల్లజుట్టుతో బయటికొచ్చాడు... నేను చూడలేదు గానీ, ఒట్టేసి చెప్పగలను.

మా ల్యాబులోనే పరిశోధన చేసే తువా సంగతి మాత్రం ముసలి ప్రొఫెసరు రగ్న్‌వాల్డ్ కాఫీ తాగుతూ నాకు చెప్పిందే.

తువా వాళ్ళమ్మకి క్యాన్సరు. ఆ కణితిలోని జన్యులోపాన్నే తువా ఈస్ట్ కణాల్లో పెట్టి, మందు కలిపిన మేత వేసింది. ముసలితనం వచ్చినా పిల్లల్ని పెట్టడం మానని మొండిఘటాలవి. మందుకి ఆగుతాయా? రోజూ పొద్దున్నే అమ్మ ఫోనులో అడిగేదీ అదే — "ఆగిందా, తల్లీ?"

తల్లి కణానికి మొగ్గలా తొడిగి పుట్టిన ప్రతి పిల్లనీ గాజుసూదితో పక్కకి లాగెయ్యాలి. లేకపోతే గుంపులో తల్లి ఏదో దేవుడికైనా తెలీదు. రాత్రికి కణాలున్న ప్లేటుని కోల్డ్ రూమ్ చలిలో పెడితే అవి నిద్రపోతాయి.

ఒకసారి బూజు పట్టి అన్నీ పోయాయి. ఒక్క తల్లి మిగిలింది. మందుకి అదీ నెమ్మదిస్తున్నట్టుంది...

ఆ రాత్రి కోల్డ్ రూమ్ తలుపు బిగుసుకుపోయింది. తువా ప్లేటుని బయట గోడవారనున్న హీటరు మీద పెట్టి, తలుపుని రెండు చేతులతో లాగింది.

లోపల చీకటి.

హుస్స్...

"ఎవరు?"

హుస్స్... టప్!

చల్లటిదేదో మొహాన చిమ్మింది. తువా కేక డెన్మార్క్ దాకా వినిపించి ఉంటుంది.

"అరవకే పిల్లా! తలుపెయ్యి!" — అరల వెనకనుంచి గుసగుస.

రగ్న్‌వాల్డ్! ల్యాబు ఈస్ట్‌తో బీరు చేసి దొంగచాటుగా అక్కడ దాస్తున్నాడు. తలుపు చప్పుడుకి దీపం ఆర్పేశాడట. మూత బిగించిన సీసాల్లోంచి గాలి తన్నుకొస్తోంది — అదే ఆ నిట్టూర్పు.

"ఇన్నేళ్ళూ మా ప్రాణాలు తీసిన దెయ్యం నువ్వా, ముసలాయనా?"

"నేను కాదు, సీసాలు. ఎవరికీ చెప్పకు, నీకోటి ఇస్తా."

పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుకుంటూనే ఇళ్ళకి పోయారు.

పొద్దున్న తువా కోల్డ్ రూమ్ తెరిచింది. అరలో ప్లేటు లేదు.

మెల్లగా... వెనక్కి తిరిగింది.

హీటరు మీద ఉంది. వెచ్చగా.

మైక్రోస్కోప్ కింద పెట్టింది. నిన్న ఒక్కటే ఉన్నచోట — గుట్ట. అన్నీ ఒకేలా. తల్లి ఏదో...

ఫోను మోగింది.

"ఆగిందా, తల్లీ?"

తువా కన్ను ఎత్తలేదు. గుట్ట అంచున, అప్పుడే తొడిగిన ఇంకో మొగ్గ.