షువైఖ్ తొట్టిలో నాచు అడవి

కువైట్‌లోని దజీజ్‌లో గోడౌన్ల వెనక ఆపిన కారులో సీక్రెట్ ఏజెంట్ పాల్‌రాజు స్టీరింగ్ మీద తల వాల్చి చచ్చిపోయి ఉన్నాడు. అది 2006, జూన్. నిద్రపోతున్నాడనుకున్నాడట వాచ్‌మన్.

ఫోటో చూసిన ఏజెంట్ ఎలీసమ్మకు ఏడుపు రాలేదు. ఫోటో తిప్పి బల్ల మీద పెట్టింది, అంతే.

"షువైఖ్‌లో విదేశీ ముఠా ఒకటి ఆక్వేరియం పెట్టింది," అన్నాడు చీఫ్ వీరేంద్ర. "అందులో జెయింట్ కెల్ప్. చల్లటి సముద్రాల్లో చెట్లంత పెరిగే నాచు. ఐస్‌క్రీమ్ చిక్కబడటానికీ, పళ్ల డాక్టర్ల అచ్చులకీ దాన్నించి తీసిన పొడి వాడతారు. పైకి ఆ వ్యాపారమే."

"లోపల?"

"విషం. ఎక్కడ దాచారో తెలీదు. తొట్టి నీళ్లు పోయే పైపు, ఉప్పునీళ్లను మంచినీళ్లుగా మార్చే ప్లాంటు పక్కనే సముద్రంలో కలుస్తుంది."

హవల్లీలో నర్సుగా చేస్తున్న కూతురు మెర్సీ ఆ ప్లాంటు నీళ్లే తాగుతుంది. చెడు తలపులన్నీ ఒకేసారి వచ్చి ఎలీసమ్మలో గడ్డకట్టుకుపోయాయి.

"అక్కడ మన మనిషి అరుణజ్యోతి ఉంది. కోడ్ గుర్తుందిగా?"

"ఉంది సార్."

మర్నాడు ఎలీసమ్మ క్లీనర్ వేషంలో, కర్రలో కెమెరా ఉన్న మాప్‌తో లోపలికి వెళ్లింది. ఎత్తు మడమల చెప్పులు, ఎర్ర లిప్‌స్టిక్‌తో అరుణజ్యోతి ఎదురొచ్చింది.

"కూర అడుగంటిందా ఆంటీ?"

"గిన్నె మార్చానమ్మా."

తొట్టిలో నాచు రెండంతస్తుల ఎత్తు నిలబడి ఉంది. ఆకుల మొదట్లో గాలి తిత్తులు, మధ్యలో నారింజరంగు చేపలు. అడుగున సీ అర్చిన్లు, ముళ్ల ఉండల్లా. కెల్ప్ వాటికి ఇష్టమైన తిండి. అవి మాత్రం నాచుకు దూరంగా, అద్దానికి అతుక్కుని ఉన్నాయి.

కంచం ముందుంచినా పిల్ల ముట్టలేదంటే తల్లికి అనుమానం రావలసిందే. నిచ్చెనెక్కి ఆకు గిల్లింది. గోరు దిగలేదు. ప్లాస్టిక్! తిత్తి లోపల పచ్చటి ద్రవం కదిలింది.

"పాల్‌రాజు కూడా ఇలాగే ఎక్కువ చూశాడండీ," అంది వెనకనుంచి అరుణజ్యోతి. చేతిలో పిస్టల్. "తుడుపు ఖలాస్. యల్లా, దిగండి."

"అతని సంగతి ముఠాకు నువ్వే చెప్పావా?"

"రెండు జీతాలొస్తే కాదంటారేంటి?"

అరుణజ్యోతి స్విచ్ నొక్కింది. పైపు మూతి దగ్గర బ్లేడు మర తిరిగింది. నాచు అటు వంగింది. మొదటి తిత్తి బ్లేడు వైపు జారుతోంది.

ఎలీసమ్మ దిగి, సబ్బునీళ్ల బకెట్‌ను కాలితో తన్నింది. ఎత్తు మడమలు జారాయి. పిస్టల్ పైకప్పు వైపు పేలింది. ఎలీసమ్మ మెయిన్ స్విచ్ లాగేసింది.

బ్లేడు తిత్తిని ముట్టుకుని ఆగింది.

పోలీసులు అరుణజ్యోతిని తీసుకుపోయాక ఎలీసమ్మ మెర్సీకి ఫోన్ చేసింది.

"నీళ్లు కాచి తాగుతున్నావా?"

"మళ్లీ మొదలెట్టావా అమ్మా! నీకసలు వేరే పనేం లేదా?"

"లేదే," అంది ఎలీసమ్మ, మాప్ పిండుకుంటూ.