డేగలగుట్ట వాకిలి

"అది రాలిపడిన రాళ్లకుప్ప సారూ. దాన్ని గోడ అని గీస్తాండావే!"

లేవి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. తలెత్తి చూస్తే, మట్టి మోసే ఖాళీ గంప నడుముకు ఆనించుకుని ఒక అమ్మాయి అతని డ్రాయింగు బోర్డులోకి తొంగిచూస్తోంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బనగానపల్లెకు అవతల డేగలగుట్ట మీద పురావస్తు శాఖవాళ్లు పాతకాలపు కోటగోడను తవ్వుతున్నారు. బయటపడిన ప్రతి రాయినీ కొలిచి కాగితం మీదికెక్కించే డ్రాఫ్ట్స్‌మన్ లేవి. ఇరవై నాలుగేళ్లకే తన గీతకు తిరుగులేదని అతని నమ్మకం.

"నీకెలా తెలుసు?" అన్నాడు కాస్త కోపంగా.

"మా నాయిన ఏసేబు చేన్లకు రాతిగోడలు కడతాడు. నడకొచ్చినప్పటి నుంచి రాళ్లు అందిస్తాండా. పేర్చిన రాయి కుదురుగా కూచోనుంటాది. పడిన రాయి యాడంటే ఆడ పండుకోనుంటాది. చూడు."

చూశాడు. నిజమే. అరగంట గీసిందంతా రబ్బరుతో చెరిపేశాడు. ఆమె నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

పేరు విశ్వాసమ్మ అని కూలీల హాజరుపట్టీ చూసి తెలుసుకున్నాడు. అప్పటినుంచి అతనికి ప్రతి రాయిమీదా అనుమానాలు మొదలయ్యాయి. గంపతో ఆమె అటు వచ్చినప్పుడల్లా ఒక రాయి చూపించేవాడు.

"ఇది కూచున్నదా, పండుకున్నదా?"

"అది నువ్వు కూచునేకి పొద్దున దొర్లించుకున్న రాయి సారూ!"

మధ్యాహ్నపు ఎండలో గుట్ట కింది పల్లెలు నీళ్లమీద తేలుతున్నట్టుండేవి. గాలికి ఆమె పైట కొంగు రెపరెపలాడితే, పాతకాలంలో ఈ గోడమీద ఇలాగే ఎవరో నిలబడి ఎవరికోసమో ఎదురుచూసి ఉంటారనిపించేది లేవికి. అలా అనుకుంటూ కొలతలు తప్పు రాసుకునేవాడు.

జూన్ వచ్చింది. కోటకు ద్వారం ఎక్కడా దొరకలేదు. శనివారానికి క్యాంపు ఎత్తేస్తామన్నారు ఆఫీసరు గారు. ఆ మాట విన్నప్పటినుంచి లేవికి అన్నం సయించలేదు.

శుక్రవారం పొద్దున విశ్వాసమ్మ అతన్ని తూర్పు వైపు తీసుకెళ్లింది. అక్కడ గోడ తెగి ఖాళీగా ఉంది. కూలిపోయిన చోటని అందరూ వదిలేశారు.

"ఈ అంచు చూడు సారూ. ఒక రాయి నిలువు, ఒక రాయి అడ్డం పెట్టినారు. మూల తిప్పేటప్పుడే ఇట్ల పెడతారు. గోడ ఈడ ఇరగలేదు. కావాలనే ఆపినారు."

లేవి పరుగున వెళ్లి ఆఫీసరు గారిని బతిమాలాడు. ఒక్క పూట ఇచ్చారాయన. సాయంత్రానికి నడుములోతున పెద్ద గడపరాయి బయటపడింది. దాని చివర తలుపు తిరిగి తిరిగి నున్నబడిన గుంట. అంతలో వాన మొదలైంది. లేవీ విశ్వాసమ్మా టార్పాలిన్ చెరో కొసా పట్టుకుని గడప తడవకుండా అడ్డం నిలబడ్డారు. వానచుక్క ఒకటి ఆమె ముక్కు చివర వేలాడుతోంది. లేవికి ప్రపంచంలో మరేదీ కనిపించలేదు.

"శభాష్ లేవీ! కోటవాకిలి పట్టేశావు!" ఆఫీసరు గారు అందరిముందూ చేయి కలిపారు.

ఈమె చెప్పింది సార్, అనాలి. గొంతుదాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయింది. అతను తెల్లమొహం వేసుకుని నవ్వాడంతే. విశ్వాసమ్మ టార్పాలిన్ కొస వదిలేసి గుట్ట దిగిపోయింది.

మర్నాడు పనికి రాలేదు. వాకిలి దొరకడంతో క్యాంపు ఇంకో నెల పొడిగించారు. కానీ ఆమె లేని గుట్ట అతనికి బోసిపోయింది. ఆఫీసరు గారికి నిజం చెప్పేసి, ఆమె ఊరికి నడిచాడు.

చేను గట్టున ఏసేబు గోడ కడుతున్నాడు. కూతురు రాళ్లు అందిస్తోంది. అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"ఆఫీసరు గారికి చెప్పేశాను. రిపోర్టులో నీ పేరు రాస్తామన్నారు," అన్నాడు లేవి.

"నిన్న నోరు యాడ పోయింది సారూ?"

"నిన్ను చూస్తూ ఉండిపోయాను. ఆయన పొగిడితే భయమేసింది, ఆశా పుట్టింది. తప్పు నాదే." ఏసేబు వైపు తిరిగాడు. "మామా, మేమూ చర్చివాళ్లమే, కర్నూల్లో. మీ అమ్మాయిని చేసుకుంటాను."

ఏసేబు చేతిలోని రాయిని నెమ్మదిగా కింద పెట్టాడు. "నన్నేంటికి అడుగుతావప్పా? అది ఆడనే ఉండాది, దాన్ని అడుగు."

విశ్వాసమ్మ చేతిలోని రాయిని గోడమీద కుదురుగా కూచోబెట్టింది.

"ఆదివారం మా గుడికి రా," అంది. "అందరి ముందర మింగిన మాట, అందరి ముందరే చెప్పల్ల."

ఆదివారం ప్రార్థన కాగానే లేవి లేచాడు. కోటవాకిలి కనిపెట్టింది విశ్వాసమ్మేనని, తాను నోరు మెదపక తప్పు చేశానని, ఆమె ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటానని, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

ఆడవాళ్ల వరసలో విశ్వాసమ్మ తల వంచుకుని, అవునన్నట్టు ఊపింది.

వెనకనుంచి ఏసేబు గొంతు ఖంగున మోగింది.

"ఆమెన్!"