నల్లమూల కార్డు

ఆదోనిలో వాన కురవని ఏడాదులుండేవి గానీ, దూదేకుల రసూల్ సాబ్ కూతురు జహీరా బీకి కోపం రాని రోజుండేది కాదు. ఆ కోపం తెప్పించే మొనగాడు ఎమ్మిగనూరులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఖలందర్.

ఇద్దరూ పోస్టులో పాఠాలు తెప్పించుకుని ఎస్పెరాంతో నేర్చుకుంటున్నారు. అది ఏ దేశానిదీ కాదు, ఎవరో పెద్దమనిషి తీరిగ్గా కూర్చుని కట్టిన భాష. సాధన కోసం కార్డులు రాసుకోండని పాఠాలు పంపే మాస్టారే ఇద్దరికీ అడ్రసులిచ్చాడు.

మొదటి కార్డులోనే తగవు. ఆ భాషలో మాట ముందు 'మాల్' తగిలిస్తే అర్థం తిరగబడుతుంది. 'ప్లువో' అంటే వాన కదా అని, కరువును ఆమె 'మాల్‌ప్లువో' అంది. ఆ మాట పుస్తకంలో లేదు పొమ్మన్నాడు అతను. ఆ పుస్తకం రాసినాయన్ని ఒక ఎండాకాలం ఆదోనిలో కాపురం చెయ్యమని ఆమె జవాబిచ్చింది.

అక్కణ్ణుంచి రెండేళ్లు, ఈ మాటకు ఏ తోక, ఆ మాటకు ఏ కొమ్ము అని కార్డులే కార్డులు. కష్టమంతా పోస్ట్‌మన్ ఉచ్చీరప్పది. ఆయన గంట కొడితే కోటకొండ మీది కోతులు కూడా తమకేమైనా వచ్చిందేమోనని దిగివచ్చేవి. వీధి మొత్తానికీ కార్డులు చదివి వినిపించే మనిషికి ఇవి కొరుకుడు పడక అన్నం సహించేది కాదు.

డెబ్బై తొమ్మిదిలో ఒక గురువారం పత్తికొండ నుంచి జహీరాకు సంబంధం ఖాయం చేసుకునేవాళ్లు వచ్చారు. సంగతి ఖలందర్‌కు వారం ముందే రాసింది. జవాబు లేదు. తలుపు చాటున నిలబడి చెవులు మాత్రం వీధిలో పెట్టింది.

గంట మోగలేదు. ఉచ్చీరప్ప చప్పుడు లేకుండా వచ్చి గడప అవతలే ఆగాడు.

"రసూలన్నా, రోంత బయటికి రాప్పా."

చేతిలో కార్డు. మూలన నలుపు. చావు కబురుకు అలా మూలన నలుపు పూసి పంపడం రివాజు. తల్లి హమీదాబీ ఎవరు పోయిందీ తెలియకుండానే శోకం అందుకుంది, ఎందుకైనా మంచిదని పుట్టింటివాళ్లందర్నీ పేరుపేరునా తలచుకుంది. పత్తికొండ వాళ్లు టీ గ్లాసులు దించి, మళ్లీ కనబడతామని జారుకున్నారు.

"ఎవురు సచ్చిరని కూడా అడగకుండా పాయిరే," అన్నాడు రసూల్ సాబ్ వీధివైపు చూస్తూ. "జహీరా, సదువు. ఎవురు పోయినారు?"

ఆమె చదివింది. చెవుల దాకా ఎర్రబడింది.

"ఎవురూ పోలేదు నాయినా."

"మల్ల ఈ నలుపు?"

రసూల్ సాబ్ కార్డు అందుకుని వాసన చూశాడు. ఇంజన్ గ్రీజు. హమీదాబీ ఏడుపు పాట సగంలో ఆగింది.

"ఏం రాసినాడు? మన మాటలో సెప్పు."

"మొగుడనే మాటకు ఏ తోక తగిలిస్తే పెండ్లాం అయితాదో ఆయప్పకు తెలుసంట." జహీరా నేల చూసింది. "ఆ మాట నాకు సరిపోతాదా అని అడుగుతాండాడు."

ఉచ్చీరప్ప అరుగు మీద చతికిలబడ్డాడు. "రెండేండ్లు మోసినాను తల్లీ. ఇన్నాళ్లకు ఒకటి అర్థమాయ."

రసూల్ సాబ్ కార్డు కూతురి చేతికి తిరిగిచ్చాడు.

"నీకు సరిపోతాదా?"

"సరిపోతాది నాయినా."

"అయితే తెలుగులో రాయి, వాళ్ల నాయిన కూడా సదవాల గదా. వచ్చే శుక్రవారం రమ్మను." ఆయన లోపలికి పోతూ ఆగాడు. "సేతులు కడుక్కోని రమ్మని కూడా రాయి."