అభాలో తబూక్ అజాన్

"బాలన్న పేరు రేపు సాయంత్రం అసర్ నమాజు తర్వాత అభా మీటింగ్ గదిలో చెప్తారప్పా. చెప్తేనే వానికి దేశం దాటే ఎగ్జిట్. అదే పేరు గోడ దాటిందనుకో, వాడు తెల్లారేదాకా ఉండడు."

నౌమాన్‌తో ఈ మాటలన్న ఖయ్యూమ్ జెడ్డా బలద్ బజారులో పైకి అత్తరు వ్యాపారి, లోపల మన ఏజెన్సీ బాస్. జగిత్యాల బాలన్న తబూక్‌లో ఓ విదేశీ ముఠా గోడౌన్‌లో ఏసీలు బాగుచేస్తూ, వాళ్ల ఆయుధాల గుట్టంతా బయటపెట్టాడు. ఎవరో ఉప్పందించారని ముఠాకు తెలుసు. ఎవరన్నదే తెలియదు.

"పని అయితే 'అత్తరు చేరింది' అని మెసేజ్ పెడతా. తరన్నుమ్ అక్కడే ఉంటాది. మన మనిషే."

ఏజెంటు నౌమాన్ వేషం ఏవీ ప్రోగ్రామర్. మీటింగ్ గదిలో మైకులు, స్క్రీన్లు టచ్ ప్యానెల్ మాట వినేలా కోడ్ రాస్తాడు. ఆ వేషం ఎంత బాగా కట్టాడంటే ప్రమోషన్ కూడా వచ్చింది.

మర్నాడు అభా నగరంలో ప్రభుత్వ కార్యాలయం. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. కంట్రోల్ రూమ్‌లో కన్సల్టెంట్ మేనేజర్ తరన్నుమ్, ఊద్ అత్తరు గుబాళింపుతో, చెవిలో ఇంటర్‌కమ్‌తో కూర్చుని ఉంది.

"ఏంది నౌమాన్ భాయ్, టెన్షన్ పడుతున్నవ్? సెక్యూర్ బటన్ నొక్కితే మైకులన్నీ బంద్. అంతే కదా!"

అధికారులు వచ్చారు. స్వాగత వీడియో మొదలైంది. అంతలో బయట అజాన్ వినిపించింది. వీడియో ఆగలేదు.

ఇక్కడ ఏ హాల్లోనైనా అజాన్ వేళకు సౌండ్, మైకులు వాటంతటవే ఆగాలి. అజాన్ వేళ ఊరూరికీ మారుతుంది, అందుకే ముందు ఊరి పేరు పెట్టి ఆ తర్వాతే మిగతా కోడ్ రాస్తారు. నౌమాన్ అభా అనే పెట్టాడు. వీడియోను చేత్తో ఆపేశాడు. అధికారులు నమాజుకు లేచారు. గది ఖాళీ కాగానే ప్యానెల్‌లో సెట్టింగ్స్ తెరిచాడు. ఊరు: తబూక్.

ఇంతకుముందు తబూక్ ఆఫీసుకు తను రాసిన ప్రోగ్రామ్ కాపీ ఇద్దరి దగ్గరే ఉంది. ఒకటి తన దగ్గర. రెండోది తరన్నుమ్ దగ్గర! పాత కాపీలో మైకుల నుంచి తన చెవికి దొంగదారి పెట్టి, ఇక్కడ ఎక్కించి, ఊరు మార్చడం మరిచింది మహాతల్లి. మన మనిషి కాదు, ముఠా మనిషి!

గోల చేస్తే మీటింగ్ రద్దు, బాలన్న ఎగ్జిట్ కూడా రద్దు. మైకుల వైర్లు పీకేద్దామంటే పరికరాల బీరువా తాళం ఆమె బ్యాగులో ఉంది. దారి ఒక్కటే. తబూక్ పడమటి ఊరు. అక్కడ అజాన్ ఇంకా కాలేదు. అయిన క్షణాన ఈ ప్రోగ్రామే దొంగదారితో సహా అన్ని మైకుల నోరూ మూయిస్తుంది. అప్పటిదాకా గదిలో ఎవరూ ఆ పేరు ఎత్తకూడదు.

నమాజు ముగిసింది. సెక్యూర్ బటన్ నొక్కగానే, మైకులు ఆగిపోయాయన్నట్టు ప్యానెల్ మీద ఎర్ర లైటు నిస్సిగ్గుగా వెలిగింది.

"యల్లా, మొదలెట్టండి!" అన్నాడు పెద్ద అధికారి.

"సార్, ఒక్క నిమిషం. రీస్టార్ట్."

బల్ల మీద మానిటర్లు లేచాయి, దిగాయి, మళ్లీ లేచాయి. గహ్వా కాఫీ ఒక రౌండ్ తిరిగింది. నౌమాన్ గడియారం చూస్తూ మరో బటన్ నొక్కాడు.

"ఖలాస్! స్క్రీన్ అక్కర్లేదు. ఆ మనిషి పేరు..."

బల్ల కింద రిలే స్విచ్ టక్కుమంది. మైకుల మీద వెలుగుతున్న చుక్కలన్నీ ఆరిపోయాయి.

"ఇప్పుడు రెడీ సార్," అని నౌమాన్ బయటికొచ్చి తలుపు మూశాడు. గార్డుల చెవిలో ఓ మాట వేశాడు.

కంట్రోల్ రూమ్‌లో తరన్నుమ్ ఇయర్‌పీస్‌ను నొక్కి నొక్కి చూసుకుంటోంది. తలెత్తేసరికి నౌమాన్, వెనక ఇద్దరు గార్డులు.

"వినపడ్లేదా మేడమ్? తబూక్‌లో అజాన్ అవుతాంది."

గేటు దగ్గర ఫోన్ తీసుకునేసరికి పొద్దుగుంకింది. ఖయ్యూమ్ మెసేజ్: 'అత్తరు చేరింది.' నౌమాన్‌కు ప్రాణం లేచొచ్చింది. దాని కిందే కంపెనీ మెసేజ్: 'అధికారులను అంతసేపు కూర్చోబెట్టినందుకు వెంటనే సంజాయిషీ ఇవ్వండి.'

'ఒక్క నిమిషం సార్' అని జవాబు కొట్టాడు నౌమాన్.